స్ట్రాటోఆవరణంలో వాయువుల ప్రయాణం: ల్యాప్‌టాప్‌లోనే మోడల్ కట్టుకోవడం ఎలా?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు కళాశాలల భౌతికశాస్త్ర విద్యార్థులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: “గాదంకిలోని వాతావరణ పరిశోధన రాడార్ పక్కనే ఉంది. ఉపగ్రహ డేటా ఉచితంగా దొరుకుతోంది. స్ట్రాటోఆవరణంలో వాయువులు ఎలా కదులుతాయో చూపే మోడల్ ఎక్కడ దొరుకుతుంది సార్?”

దొరికే మోడళ్లు ఉన్నాయి. కానీ వాటిని నడపడానికి పెద్ద కంప్యూటర్లు, నెలల తరబడి సాధన కావాలి. ఇంత చేసినా, చివరకు తెర మీద కనిపించే రంగుల పటం నిజమో కాదో చెప్పడానికి మీ చేతిలో ఆధారం ఉండదు. అందుకే ముందు చిన్నది మీరే కట్టుకోండి అంటాను. కింద చెప్పేది రెండు స్తంభాల మోడల్. మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో నడుస్తుంది. సాయంత్రాలు కూర్చుంటే రెండు వారాల్లో పూర్తవుతుంది. దీనితో గాలి వయసు (గాలి స్ట్రాటోఆవరణంలోకి చేరి ఎంత కాలమైందో), నీటి ఆవిరి చారలు, నైట్రస్ ఆక్సైడ్ ఎత్తుతో పాటు తగ్గడం, మూడూ చూడవచ్చు.

కావలసినవి

పైథాన్, అందులో నంపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలు. పైథాన్ రాకపోతే ఫోర్ట్రాన్ అయినా సరే, ఆక్టేవ్ అయినా సరే. అవకలన సమీకరణాన్ని చిన్న చిన్న అంతరాలుగా విడగొట్టడం డిగ్రీ స్థాయిలో వచ్చి ఉండాలి. పోల్చి చూసుకోవడానికి నాసా వారి ఆరా ఉపగ్రహం మీది ఎంఎల్ఎస్ (మైక్రోవేవ్ లింబ్ సౌండర్) పరికరం కొలతలు తీసుకోండి. 2004 నుంచి నీటి ఆవిరి, నైట్రస్ ఆక్సైడ్ రెండూ అందులో ఉన్నాయి. ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. ఏ రోజు ఏ సంఖ్య మార్చారో రాసుకోకపోతే వారం తిరిగేసరికి ఏ చిత్రం ఏ మార్పుతో వచ్చిందో గుర్తుండదు.

ముందు తెలియవలసినంత మటుకు

ఉష్ణమండలంలో గాలి సుమారు 17 కి.మీ. ఎత్తున స్ట్రాటోఆవరణంలోకి చేరి, నెమ్మదిగా పైకి వెళ్లి, ధ్రువాల వైపు జరిగి, అక్కడ కిందికి దిగుతుంది. నీటి ఆవిరి కొలతల నుంచి బ్రూవర్ 1949లో, ఓజోన్ కొలతల నుంచి డాబ్సన్ 1956లో దీన్ని ఊహించారు. అందుకే దీన్ని బ్రూవర్-డాబ్సన్ ప్రసరణ అంటారు.

తిరుమల ఘాట్ రోడ్లను తలచుకుంటే మోడల్ ఆకారం వెంటనే మనసుకు వస్తుంది. ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకొక దారి. మన మొదటి స్తంభం ఉష్ణమండలం, అంటే ఎక్కే దారి. రెండోది మధ్య అక్షాంశాలు, ధ్రువ ప్రాంతాలు కలిపి, దిగే దారి. తేడా ఒక్కటే. ఘాట్ రోడ్డులో మధ్యలో దారి మారడం కుదరదు. గాలి ప్రతి ఎత్తులోనూ కొంత పక్క దారిలోకి జారుతుంది, కొంత వెనక్కి వస్తుంది కూడా. మోడల్‌లో ఎక్కువ తప్పులు జరిగేది ఈ జారుడు లెక్కలోనే.

1. పొరలు, సాంద్రత

17 కి.మీ. నుంచి 41 కి.మీ. వరకు 24 కి.మీ. మందాన్ని తీసుకుని 250 మీటర్ల చొప్పున 96 పొరలు చేయండి. గాలి సాంద్రత ప్రతి 7 కి.మీ.కు 2.718 వంతున తగ్గుతుందని పెట్టుకోండి. 20 కి.మీ. దగ్గర అది ఘనపు మీటరుకు సుమారు 0.09 కిలోలు రావాలి. పై అంచు దగ్గర సాంద్రత కింది అంచుతో పోలిస్తే దాదాపు 31వ వంతు. ఈ రెండూ రాకపోతే ముందుకు వెళ్లకండి.

సాంద్రతను పొర మధ్యలోనే కాకుండా పొరకూ పొరకూ మధ్య ఉన్న సరిహద్దు దగ్గర కూడా లెక్కకట్టి వేరే వరుసలో ఉంచండి. నాలుగో దశలో దాని అవసరం వస్తుంది.

2. వాయువు గాఢతను దేనిలో కొలుస్తున్నారో తేల్చుకోండి

ఘనపరిమాణ నిష్పత్తి, ద్రవ్యరాశి నిష్పత్తి ఒకటి కావు. ఈఆర్ఏ5 వంటి పునర్విశ్లేషణ డేటా (పాత కొలతలను వాతావరణ మోడల్‌తో కలిపి తయారుచేసినది) నీటి ఆవిరిని ద్రవ్యరాశి నిష్పత్తిలో ఇస్తుంది, ఎంఎల్ఎస్ ఘనపరిమాణ నిష్పత్తిలో ఇస్తుంది. ద్రవ్యరాశి నిష్పత్తి కావాలంటే నీటికి 0.622తో, నైట్రస్ ఆక్సైడ్‌కు 1.52తో, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌కు దాదాపు 5.04తో గుణించాలి. మోడల్ మొత్తం ఘనపరిమాణ నిష్పత్తిలోనే నడపండి. డేటా చదివే చోటే ఒక్కసారి మార్చుకోండి, మధ్యలో మార్చకండి.

3. గాలి పైకి వెళ్లే వేగం

ఇక్కడ కొంత ఆగుదాం. నన్ను ఎక్కువ మంది అడిగేది దీని గురించే: “గాదంకి ఎంఎస్‌టీ రాడార్ నిలువు గాలి వేగాన్ని నేరుగా కొలుస్తుంది కదా, అదే వాడవచ్చా?”

వాడకూడదు. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆ రాడార్ మన ప్రాంతానికి గర్వకారణం. నిలువు గాలిని అది చక్కగా కొలుస్తుంది కూడా. కానీ అది ఏ క్షణంలో చూసినా కొలిచేది సెకనుకు సెంటీమీటర్లలో ఉండే కదలికను. దానిలో సింహభాగం గురుత్వ తరంగాల ఊగిసలాట. పైకి ఎంత వెళ్తుందో కిందికీ అంతే వస్తుంది. మనకు కావలసినది ఆ ఊగిసలాట పోయాక మిగిలే నికర వేగం. అది సెకనుకు 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు మాత్రమే. పైగా అది అక్షాంశ వలయమంతటి సగటు, ఒక్క ఊరి మీది విలువ కాదు. సముద్రపు అలల ఎత్తు కొలిచి పోటు ఎంత వచ్చిందో చెప్పబోయినట్టు అవుతుంది.

పునర్విశ్లేషణలో దొరికే నిలువు వేగంతోనూ ఇదే చిక్కు. అందులో ఇంకొక ఉచ్చు కూడా ఉంది. ఆ వేగం సెకనుకు పాస్కల్‌లలో ఉంటుంది, పైకి వెళ్లేటప్పుడు దాని గుర్తు రుణాత్మకం. 20 కి.మీ. దగ్గర సెకనుకు 0.25 మిల్లీమీటరు పైకి అంటే సెకనుకు మైనస్ 0.00022 పాస్కల్. గుర్తు మరిచిపోతే ఎక్కే దారి దిగే దారి అయిపోతుంది.

మరి వేగం ఎక్కడి నుంచి తేవాలి? వేడి నుంచి. స్ట్రాటోఆవరణంలో గాలి పైకి వెళ్తే చల్లబడుతుంది. సూర్యకాంతి, పరారుణ కిరణాలు ఎంత వేడి ఇస్తే అంత మేరకే అది పైకి వెళ్లగలదు. ఉష్ణమండలపు దిగువ స్ట్రాటోఆవరణంలో ఈ వేడి రోజుకు సుమారు 0.3 డిగ్రీ అనుకోండి. గాలి ఒక కి.మీ. పైకి వెళ్తే 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి అదే కి.మీ.లో సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతుంది. మొత్తం 12.8 డిగ్రీల తేడాను పూడ్చాలి. 0.3ను 12.8తో భాగించండి. రోజుకు సుమారు 23 మీటర్లు, అంటే సెకనుకు 0.27 మిల్లీమీటరు.

ఈ లెక్కను ఒకసారి కాగితం మీద మీరే వేసుకోండి. రోజుకు 23 మీటర్లంటే ఏడు అంతస్తుల మేడ ఎత్తు. ఖండాల మీదుగా గాలిని మోసే ప్రసరణ ఇంత నిదానంగా ఎక్కుతుందని చేత్తో తేల్చుకున్నవారికి తర్వాతి దశల్లో ఏ సంఖ్య అసంబద్ధమో కంటికే తెలుస్తుంది.

మొదటి ప్రయత్నానికి అన్ని ఎత్తుల్లోనూ సెకనుకు 0.25 మిల్లీమీటరు స్థిరంగా పెట్టండి. ఏడాదికి దాదాపు 7.9 కి.మీ. నిజంలో వేగం ఎత్తుతో పాటు మారుతుంది, ఉత్తరార్ధగోళపు శీతకాలంలో పెరుగుతుంది, సుమారు 28 నెలలకోసారి తూర్పు, పడమర గాలులు తారుమారయ్యే చక్రంతోనూ ఊగుతుంది. ఇవన్నీ తర్వాత చేర్చవచ్చు. స్థిర వేగంతో సరైన జవాబు రాని మోడల్‌కు మారే వేగం ఇస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ దొరకదు.

4. మొదటి స్తంభం, మొదటి పరీక్ష

ప్రతి పొరకు జమాఖర్చు రాయండి. కింది సరిహద్దు నుంచి వచ్చేది: అక్కడి సాంద్రత, వేగం, కింది పొర గాఢత మూడింటి లబ్ధం. పై సరిహద్దు నుంచి పోయేది: అక్కడి సాంద్రత, వేగం, ఈ పొర గాఢత లబ్ధం. పైన సాంద్రత తక్కువ కాబట్టి వచ్చినంత గాలి పైకి పోదు. మిగిలినది పక్కకు, అంటే రెండో స్తంభంలోకి, ఈ పొర గాఢతతోనే పోతుంది. దీన్ని ఖర్చులో తప్పక రాయండి.

దీనికి తోడు కొద్దిగా నిలువు విసరణ, అంటే పై పొరకూ కింది పొరకూ మధ్య కలయిక, ఉంటుంది. గుణకం సెకనుకు 0.02 చదరపు మీటర్లు. కాల అంతరం ఒక రోజు పెట్టండి.

ఇప్పుడు పరీక్ష. అన్ని పొరల్లోనూ, కింది అంచు దగ్గరా గాఢత 1 అని పెట్టి పదేళ్లు నడపండి. పదేళ్ల తర్వాత కూడా ప్రతి పొరలో 1 మాత్రమే ఉండాలి. 1.0003 కూడా ఒప్పుకోకండి. కంప్యూటర్ గుండ్రం చేసే తేడా తప్ప ఇంకేమీ కనిపించకూడదు.

పక్కకు పోయే గాలిని మరిచిపోతే ఏమవుతుందో కూడా ఒకసారి కావాలని చేసి చూడండి. పై పొరల్లో ఏడెనిమిది నెలలకే 1 కాస్తా 2 అవుతుంది. గాలి పలచబడుతున్నా వాయువు మాత్రం పోగవుతూ ఉంటుంది. ఈ తప్పు పటంలో చూస్తే తప్పులా కనిపించదు, పైన కొత్త వాయువు ఏదో పుడుతోందని కథ అల్లుకోవడానికి వీలుగా కనిపిస్తుంది.

5. నీటి ఆవిరి చారలు: మోడల్ నిజాయితీని తేల్చే పరీక్ష

ఉష్ణమండల ట్రోపోపాజ్ (స్ట్రాటోఆవరణం మొదలయ్యే సరిహద్దు) చాలా చల్లన, మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం. గాలి దాని గుండా పోయేటప్పుడు నీరు మంచుగా మారి రాలిపోతుంది. ఉత్తరార్ధగోళపు శీతకాలంలో అక్కడ చలి ఎక్కువ, ఎండిన గాలి లోపలికి వెళ్తుంది. వేసవి, వానకాలాల్లో కాస్త తేమ గాలి వెళ్తుంది. ఈ పొడి, తడి పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుగా పైకి వెళ్తాయి. టేపు మీద పాట ముద్రపడినట్టు ఉంటుందని దీనికి టేప్ రికార్డర్ అని పేరు పెట్టారు.

కింది అంచు దగ్గర సగటు 3.5 పీపీఎం (పది లక్షల్లో 3.5 భాగాలు), దాని మీద ఏడాదికోసారి పైకీ కిందికీ ఊగే 0.8 పీపీఎం తరంగం పెట్టండి. పదేళ్లు నడిపి, అడ్డంగా కాలం, నిలువుగా ఎత్తు తీసుకుని రంగుల పటం గీయండి. వాలు చారలు రావాలి. ఒకే రంగు చారలు రెండింటి మధ్య నిలువు దూరం 7.9 కి.మీ. దగ్గర ఉండాలి.

పాకాల నుంచి వచ్చే ఒక విద్యార్థిని నాకు చూపించిన పటం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. బాలాజీ కాలనీలో ఒక టీ దుకాణం బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. కింద ముదురు నీలం, పసుపు చారలు స్పష్టంగా ఉన్నాయి. 20 కి.మీ. దాటేసరికి నీలం వెలిసిపోయింది, 25 దగ్గర తెరంతా ఒకే లేత ఆకుపచ్చ. “సార్, స్ట్రాటోఆవరణంలో కలయిక చాలా బలంగా ఉందని రాయవచ్చా?” అని అడిగింది. పొర మందం ఎంత పెట్టావమ్మా అంటే ఒక కి.మీ. అంది.

అది గాలిలోని కలయిక కాదు, గ్రిడ్ చేసిన కలయిక. నాలుగో దశలో మనం వాడినది అప్‌విండ్ పద్ధతి. కింది పొర నుంచి వచ్చిన కొద్దిపాటి గాలిని పొర అంతటికీ ఒక్కసారే కలిపేస్తుంది. దీనివల్ల పుట్టే దొంగ విసరణ ఎంతో లెక్కకట్టవచ్చు. వేగాన్ని పొర మందంతో గుణించి రెండుతో భాగిస్తే చాలు. 1000 మీటర్ల పొరకు అది 0.125. మనం కావాలని పెట్టిన 0.02కు ఆరు రెట్లు! 250 మీటర్లకు కూడా 0.031, అంటే ఇంకా అసలు కంటే దొంగదే ఎక్కువ.

చారల మీద దీని ప్రభావం ఇలా ఉంటుంది. పక్క స్తంభంతో కలయిక ఏమీ లేదనుకుందాం. అసలు విసరణ ఒక్కటే ఉంటే 8 కి.మీ. ఎక్కాక చార బలం 67 శాతం మిగలాలి. 250 మీటర్ల అప్‌విండ్‌లో 40 శాతం దగ్గర మిగులుతుంది. ఒక కి.మీ. పొరల్లో 10, 15 శాతం మధ్యకు పడిపోతుంది. ఆ అమ్మాయి పటంలో పోయిన నీలం రంగు ఇదే.

మందు రెండు రకాలు.

మొదటిది, పొరలను 50 మీటర్లకు తగ్గించడం. 480 పొరలవుతాయి, దొంగ విసరణ 0.006 దగ్గరకు వస్తుంది. కానీ జాగ్రత్త, కాల అంతరం ఒక రోజే ఉంచితే మోడల్ పేలిపోతుంది. విసరణ గుణకాన్ని కాల అంతరంతో గుణించి పొర మందం వర్గంతో భాగించండి. జవాబు అరకు మించకూడదు. ఒక రోజుకు అది 0.69 వస్తుంది. ఆరు గంటలు పెట్టండి, 0.17కు దిగుతుంది.

రెండోది, పొరలు 250 మీటర్లే ఉంచి వాన్ లీర్ పరిమితితో (లేని అలలు పుట్టకుండా అదుపు చేసే సూత్రంతో) కూడిన రెండో తరగతి (సెకండ్ ఆర్డర్) పద్ధతి రాయడం. కోడ్ పది వరుసలు పెరుగుతుంది, ఫలితం బాగుంటుంది. పరిమితి లేని రెండో తరగతి పద్ధతి మాత్రం వాడకండి. చార అంచుల దగ్గర లేని అలలు పుట్టిస్తుంది, ఒక్కోసారి గాఢత సున్నా కిందికి కూడా వెళ్తుంది. అలా వెళ్లిన విలువను సున్నాగా సరిదిద్దేస్తే పని అయిపోయిందనుకునేవారిని చూశాను. అలా దిద్దిన ప్రతిసారీ మీరు శూన్యం నుంచి వాయువును పుట్టిస్తున్నారు.

మీకు మొదటి మందే చెబుతాను. దేని మీద ఏమి జరుగుతోందో కళ్లకు కడుతుంది.

మందు పనిచేసిందా లేదా? పొర మందాన్ని సగం చేసి, పై నియమం ప్రకారం కాల అంతరాన్నీ తగ్గించి మళ్లీ నడపండి. 25 కి.మీ. దగ్గర చార బలం కొద్ది శాతం కంటే ఎక్కువ మారితే ఇంకా గ్రిడ్డే మాట్లాడుతోందని అర్థం.

6. రెండో స్తంభం

ఉష్ణమండలాన్ని 20 డిగ్రీల ఉత్తరం నుంచి 20 డిగ్రీల దక్షిణం వరకు తీసుకుంటే భూమి వైశాల్యంలో 34.2 శాతం. మిగిలిన 65.8 శాతం రెండో స్తంభం. ఎక్కినంత గాలి దిగాలి కాబట్టి దిగే వేగం, ఎక్కే వేగానికి 0.52 రెట్లు, సెకనుకు సుమారు 0.13 మిల్లీమీటరు.

పై అంచు దగ్గర మొదటి స్తంభం గాలి రెండో స్తంభం పై పొరలోకి పోతుంది. రెండో స్తంభం కింది అంచు నుంచి గాలి బయటికి పోతుంది, అక్కడ ఏ విలువనూ బిగించకండి. బిగిస్తే జవాబును మీరే చెప్పినట్టు అవుతుంది.

ఇక రెండు వైపులా జరిగే కలయిక. మొదటి స్తంభంలో, రెండు గాఢతల తేడాను ఒక కాలంతో భాగించి కలపండి. ఆ కాలం ఏడాదిన్నరతో మొదలుపెట్టండి. రెండో స్తంభంలో అదే తేడాను వ్యతిరేక గుర్తుతో, 0.52తో గుణించి కలపండి. ఈ 0.52 మరిచిపోవడం అందరూ చేసే తప్పు. చిన్న గదిలోంచి బిందెడు నీళ్లు తీసి పెద్ద గదిలో పోస్తే పెద్ద గదిలో మట్టం అంత పెరగదు కదా.

మళ్లీ 1 పరీక్ష చేయండి. రెండు స్తంభాల్లోనూ 1 కదలకూడదు. కానీ ఈ పరీక్ష ఒక్కటే ఇక్కడ చాలదు. రెండు చోట్లా 1 ఉంటే తేడా సున్నా, కాబట్టి 0.52 మరిచినా పట్టుబడదు. దానికి తర్వాతి దశ ఉంది.

7. గాలి వయసు, ఈ మోడల్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష

17 కి.మీ. దాటి ఎంత కాలమైందో అదే గాలి వయసు. ప్రతి పొరలోనూ కలిసే గాలి వేర్వేరు సమయాల్లో లోపలికి వచ్చినది కాబట్టి మనం లెక్కించేది సగటు వయసు. శ్రీవారి దర్శనంలో ఒకే క్షణాన లోపల ఉన్నవారిలో రెండు గంటలు వేచినవారూ ఉంటారు, పన్నెండు గంటలు వేచినవారూ ఉంటారు. అందరి సగటు ఎంత అన్నట్టు.

మోడల్‌లో దీన్ని చేయడం సులభం. ఉష్ణమండలపు కింది అంచు దగ్గర విలువ సున్నా. మిగతా అన్ని పొరల్లోనూ రోజుకు ఒక రోజు చొప్పున పెంచుతూ, మామూలుగా కదలనివ్వండి. కనీసం 20 ఏళ్లు నడపండి. చివరి ఏడాదిలో ఎక్కడా 0.01 ఏడాది కంటే ఎక్కువ మారకపోతే స్థిరపడినట్టే. అయిదేళ్లకే ఆపేసి “వయసు అయిదేళ్లకు మించదు” అని రాసినవారున్నారు. మోడల్ నడిచిందే అయిదేళ్లు కదా!

ఇప్పుడు అసలు పరీక్ష. ఏదైనా ఒక ఎత్తు దగ్గర రెండు స్తంభాల వయసుల తేడా, ఆ ఎత్తుకు పైనున్న మొత్తం గాలిని ఆ ఎత్తు దాటి ఏటా పైకి వెళ్లే గాలితో భాగిస్తే వచ్చే సంఖ్యకు సమానం కావాలి. మన సంఖ్యలతో 20 కి.మీ. దగ్గర అది సుమారు రెండున్నర ఏళ్లు. చక్కని సంగతి ఏమిటంటే, కలయిక కాలం ఏడాదిన్నర పెట్టినా, మూడేళ్లు పెట్టినా, కలయికే తీసేసినా ఈ తేడా మారదు. రెండు స్తంభాల వయసులూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. కలయిక కాలం మార్చినప్పుడు మీ తేడా కూడా మారిందంటే ఆరో దశలో 0.52 దగ్గరకు వెళ్లండి. నూటికి తొంభైసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

వయసులు ఎంత రావాలి? కలయిక లేకపోతే ఉష్ణమండలంలో పై అంచు దగ్గర 3 ఏళ్లు. కలయిక కాలం మూడేళ్లయితే 5 ఏళ్ల దగ్గర. ఏడాదిన్నర అయితే 7 ఏళ్ల దగ్గర. 20 కి.మీ. దగ్గర వరుసగా 0.4, 0.7, 1 ఏడాది. అక్కడ కొలతలు ఏడాది దగ్గర ఉంటాయి. పైన మాత్రం 5 ఏళ్ల ప్రాంతంలోనే ఆగుతాయి. అంటే కింద ఏడాదిన్నర బాగా కుదిరింది, పైన కుదరలేదు. పైకి వెళ్లే కొద్దీ ఎక్కే వేగం పెరుగుతుందనీ, పక్కలతో కలయిక తగ్గుతుందనీ మీ మోడలే మీకు చెబుతోంది. ఈ ముక్క మీ నివేదికలో రాయదగినది.

ఒక హెచ్చరిక. వయసును కొలతలతో పోల్చేటప్పుడు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాడినవి ఎక్కువ దొరుకుతాయి. ట్రోపోఆవరణంలో ఏటా దాదాపు సమానంగా పెరుగుతుంది కాబట్టి అది మంచి గడియారం. కానీ స్ట్రాటోఆవరణానికి పైన మీసోఆవరణంలో అది కొంత నశిస్తుంది. అక్కడి నుంచి దిగిన ధ్రువపు శీతకాలపు గాలి ఉన్నదాని కంటే ముసలిదిగా కనిపిస్తుంది.

8. నైట్రస్ ఆక్సైడ్

కింది అంచు దగ్గర 335 పీపీబీ (వంద కోట్లలో 335 భాగాలు) పెట్టండి. దాన్ని పైన అతినీలలోహిత కాంతి విడగొడుతుంది. 22 కి.మీ. కింద నాశనం సున్నా అనుకుని, పైన ఎత్తుతో పాటు వేగంగా పెరిగేలా ఒక ఘాతీయ రేటు ఇవ్వండి. రేటు పరిమాణాన్ని ఎలా తేల్చాలి? మొత్తం వాతావరణంలోని నైట్రస్ ఆక్సైడ్‌ను ఏటా నశించేదానితో భాగిస్తే దాని ఆయుర్దాయం వస్తుంది. అది 120 ఏళ్ల దగ్గరకు వచ్చేదాకా ఆ ఒక్క సంఖ్యనే సర్దండి. ఆ తర్వాత ఏమీ ముట్టుకోకుండా, ఎత్తుతో పాటు గాఢత తగ్గే తీరును ఎంఎల్ఎస్‌తో పోల్చండి. సర్దడానికి వాడిన కొలతనే పరీక్షకూ వాడితే అది పరీక్ష కాదు.

మొత్తం వాతావరణం అన్న మాట గమనించండి. మన మోడల్‌లో ఉన్నది గాలిలో పదో వంతు మాత్రమే. దాన్నే భాగిస్తే 120 రావలసిన చోట పదికి దగ్గర సంఖ్య వచ్చి గాభరా పుడుతుంది.

9. కొలతలతో పోల్చడం

ఎంఎల్ఎస్ నీటి ఆవిరిని నిలువునా సుమారు 3 కి.మీ. మందపు ముక్కలుగా చూస్తుంది. మీ 50 మీటర్ల పొరలను అదే మందానికి సగటు చేశాకే పక్కపక్కన పెట్టండి. సగటు చేయకుండా పోల్చి, చారలు మోడల్‌లో మరీ పదునుగా ఉన్నాయని విసరణ పెంచేవారున్నారు. అది ఉపగ్రహపు కళ్లజోడుకు గాలిని సర్దడం.

ఒక్క ఊరి మీద ఎగరేసిన బెలూన్ కొలతతో ఈ మోడల్‌ను పోల్చకండి. ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు. ఆ నెలల్లో మన నెత్తిన ఆసియా రుతుపవనాల సుడి ఉంటుంది. కింది గాలిని, దానితో పాటు కాలుష్యాన్ని ట్రోపోపాజ్ దాకా లేపుతుంది. అక్కడ ఏర్పడే ధూళికణాల పొరను పరిశీలించడానికే 2014 నుంచి ఇస్రో, నాసా కలిసి చేసిన బటాల్ ప్రయోగాల్లో గాదంకి నుంచి కూడా బెలూన్లు ఎగరేశారు. మన మోడల్‌కు రుతుపవనం తెలియదు, తూర్పు పడమరలు తెలియవు. గాదంకి కొలతలు మీకు ఉపయోగపడేది ఇంకొక విధంగా. రేడియోసోండ్ (బెలూన్‌తో పైకి పంపే కొలత పరికరం) ఉష్ణోగ్రతల నుంచి నెలవారీగా ట్రోపోపాజ్ ఎంత చల్లగా ఉందో తీసుకుని, అయిదో దశలో కింది అంచుకు ఇచ్చిన తరంగం ఏ నెలలో కనిష్ఠ విలువకు చేరాలో సరిచూసుకోవచ్చు.

రుతుపవనాలే మీ ప్రశ్న అయితే రెండు స్తంభాలు చాలవు, మూడు దిశల్లో గాలి ముద్దలను వెంబడించే పథాల మోడల్ కావాలి. అప్పుడు కూడా పైకి కిందికి కదలడానికి పునర్విశ్లేషణ నిలువు వేగం కాకుండా వేడి రేటునే వాడండి. నిలువు వేగంలోని గజిబిజి వల్ల ముద్దలు ఉన్నదానికంటే ఎక్కువగా చెల్లాచెదురవుతాయి.

10. అన్నీ నెగ్గాక: హుంగా టోంగా

2022 జనవరి 15న దక్షిణ పసిఫిక్‌లో హుంగా టోంగా అగ్నిపర్వతం సముద్రం అడుగు నుంచి పేలి, సుమారు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటోఆవరణంలోకి విసిరింది. అక్కడ అప్పటికే ఉన్న నీటిలో దాదాపు పదో వంతు. ఇంత పెద్ద రంగునీళ్ల ప్రయోగం మనం కోరినా చేయలేం. పేలుడు జరిగింది 20 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, అంటే మన మొదటి స్తంభం అంచునే.

నీటి ఆవిరి చారలు స్థిరపడిన మోడల్‌ను తీసుకోండి. 25 నుంచి 27 కి.మీ. మధ్య పొరల్లో 2022 జనవరి చివర 2 పీపీఎం అదనంగా వేయండి. ఆ ముద్ద కేంద్రం ఏ నెలకు ఏ ఎత్తుకు చేరిందో, రెండో స్తంభంలో మొదట ఎప్పుడు కనిపించిందో రాసుకోండి. తర్వాత ఎంఎల్ఎస్ ఉష్ణమండల సగటును అదే కాలానికి గీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించండి. ముద్ద ఎక్కిన వేగం మీ 0.25తో ఎంత తేడాగా ఉందో కొలబద్దతో కొలవండి. ఆ తేడాను బట్టి మూడో దశకు వెళ్లి, వేగాన్ని ఎత్తుతో పాటు మారేలా రాయండి. రాశాక నాలుగో దశలోని 1 పరీక్ష నుంచి మళ్లీ అన్నీ చేయండి.